గాలి మార్పు

ఉద్యోగరీత్యా ఊళ్లు మారేవాళ్ల చరిత్ర వాళ్ల సామాను మీదే రాసి ఉంటుంది. ట్రంకు పెట్టె మీద కొట్టేసిన పాత చిరునామాలు, మంచం కోళ్ల మీద లారీ తాళ్లు ఒరిసిన గుర్తులు, పిల్లల పుస్తకాల మీద మూడు నాలుగు బడుల ముద్రలు. మా సామానులో ఆ చరిత్రను మోసేది ఒక పాత చేతక్ స్కూటరు. దాని రంగు లేత నీలం. అయితే దగ్గరికొచ్చి చూసినవాళ్లు ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటే: "ఇదేమిటండీ, ఒక్కో ముక్కా ఒక్కో నీలంగా ఉంది?"

నిజమే. కుడివైపు ఇంజను మూత ఒక నీలం, ఎడమవైపు మూత ఇంకొక నీలం, ముందు మడ్గార్డు వాటికి మధ్యస్తం. కొన్నది ఒకే నంబరు రంగు. వేసిన ఊళ్లు వేరు. బదిలీ అయినప్పుడల్లా లారీలో ఏదో ఒక భాగానికి గీతలు పడతాయి, లేదా ఉన్న ఊరి వాతావరణానికి ఏదో ఒక చోట తుప్పు పడుతుంది. ఆ భాగం ఒక్కటీ విప్పి, క్వార్టర్సు వెనక వరండాలో మేమే కట్టుకున్న చిన్న రంగుల గూటిలో వేలాడదీసి, స్ప్రే గన్నుతో రంగు కొట్టుకుంటాం. మేము అంటే ఇద్దరం. ఒకరిది తెలుగు చెప్పే ఉద్యోగం, ఇంకొకరిది ఆ ఉద్యోగం వెంట ఊరూరా ఇల్లు విప్పి మళ్లీ కట్టే పని. రంగు పని మాత్రం ఇద్దరిదీ.

ఈ పని మాకు నేర్పినది ఒడిశా తీరంలోని గోపాలపురం. అక్కడ సైనిక శిక్షణ కేంద్రం ఉంది కాబట్టి తెలుగు కుటుంబాల పిల్లలు బడిలో ఉండేవారు. పక్కనే బరంపురం. ఆ ఊళ్లో తెలుగు వినబడని వీధి ఉండదు. జాతీయ రహదారి పక్కన లారీలకు రంగులు వేసే షెడ్డు ఒకటి ఉండేది. దాని యజమానిది శ్రీకాకుళం వైపు ఊరు. మేము బాబాయ్ అని పిలిచేవాళ్లం, ఆయన మమ్మల్ని మాస్టారూ, తల్లీ అనేవాడు.

సముద్రం ఒడ్డున ఇనుముకు మొదటి శత్రువు ఉప్పు. కంటికి కనబడని ఉప్పు పొర రేకు మీద ఉండగానే రంగు వేస్తే, అది పొర కింద నుంచి తేమను లాక్కుంటుంది. కొన్ని నెలలకు రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది, పొక్కు పగిలితే లోపల తుప్పు. అందుకే బాబాయ్ రంగు డబ్బా ముట్టుకోనిచ్చేవాడు కాదు. "రంగేసేది సివర్న మాస్టారూ. ముందల కడగాల, తోమాల, ఆరబెట్టాల. పని యావత్తూ ఆడే ఉంది" అనేవాడు. మంచినీళ్లతో రెండుసార్లు కడగడం, సబ్బునీళ్లతో జిడ్డు తీయడం, వాటర్ పేపరును తడిపి రుద్దడం, ముందు 220 నంబరు, తర్వాత 400, ప్రైమర్ వేసి ఆరాక 600. సొట్టలుంటే లప్పం. ఒక చిన్న మూతకు ఇదంతా చేస్తే ఒక ఆదివారం పూర్తయ్యేది. రంగు కొట్టే పని అరగంట కూడా ఉండదు.

గన్ను పట్టుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నాం. రేకుకు జానెడు దూరం, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. చెయ్యి విసనకర్రలా అర్ధచంద్రాకారంలో ఊగకూడదు, గోడకు సున్నం వేసినట్టు సమాంతరంగా నడవాలి. ఒక వరుస సగం మీద రెండో వరుస పడాలి. ఒకేసారి దట్టంగా కొడితే రంగు కారుతుంది. పలచగా మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య పది పదిహేను నిమిషాల ఆగడం. ఆగడం కూడా పనిలో భాగమే.

బాబాయ్ షెడ్డులో గూడు లాంటిది ఒకటి ఉండేది. మూడు వైపులా పాత ఫ్లెక్సీలు, పైన టార్పాలిన్. దాని ఉద్దేశం ఆయన దృష్టిలో ఒక్కటే, తడి రంగు మీద దుమ్మూ దోమలూ వాలకూడదు. గాలి ఆడితే దుమ్ము వస్తుందని నాలుగో వైపు కూడా గోనెపట్టా దించి, లోపల నిలబడి కొట్టేవాడు. ముక్కుకు ఒక చేతిరుమాలు. పని అయ్యాక బయటికొచ్చి, దగ్గు తగ్గేదాకా గోడకు ఆనుకుని నిలబడి, చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. బెల్లం తింటే లోపలికి పోయిన రంగు కడుపులోకి దిగిపోతుందని ఆయన నమ్మకం. మన దేశంలో దుమ్ములో పనిచేసేవాళ్లు చాలామంది అలాగే నమ్ముతారు. ఆయనకు అప్పటికి యాభై కూడా లేవు. లారీ క్యాబిను ఎక్కాలంటే మాత్రం మధ్యలో ఒకసారి ఆగేవాడు.

ఆ దగ్గు విన్నాక మేము ఈ పనిముట్టు గురించి చదవడం మొదలుపెట్టాం. చదివినదాంట్లో మమ్మల్ని ఆపేసిన సంగతి ఒకటుంది. స్ప్రే గన్ను వెనక ఒక వైద్యుడు ఉన్నాడు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరంలో అలెన్ డివిల్బిస్ అనే గొంతు వైద్యుడు రోగుల గొంతులోకి మందును సన్నని తుంపరగా పంపడానికి ఒక సాధనం తయారుచేశాడు. 1888లో దాన్ని అమ్మడానికి కంపెనీ పెట్టాడు. ఆయన కొడుకు థామస్ 1907లో అదే సూత్రంతో రంగు చల్లే గన్ను తయారుచేశాడు. 1920లలో త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ రంగు డ్యూకో పేరుతో వచ్చేసరికి, కార్ల కర్మాగారాల్లో బ్రష్షుల స్థానంలో ఈ గన్నులు నిలబడ్డాయి. మన పెయింటర్లు ఇప్పటికీ ఈ రకం పనిని డ్యూకో పని అనే అంటారు. గొంతులోకి మందు పంపడానికి పుట్టిన సూత్రమే, జాగ్రత్త లేకపోతే అదే గొంతు గుండా విషాన్ని పంపుతుంది. తుంపర ఎంత సన్నగా ఉంటే రంగు అంత నునుపుగా పడుతుంది, ఊపిరితిత్తుల్లోకీ అంత లోతుగా పోతుంది.

రంగు పనిలో ముక్కులోకి వెళ్లేవి రెండు. ఒకటి రంగు రేణువులు. మంచి దుమ్ము మాస్కు వీటిని చాలావరకు ఆపుతుంది. రెండోది థిన్నరు ఆవిరి. దీన్ని చేతిరుమాలూ ఆపదు, కరోనా కాలంలో మనందరం పెట్టుకున్న ఎన్-95 మాస్కూ ఆపదు. బొగ్గు నింపిన కార్ట్రిడ్జులు బిగించిన రబ్బరు మాస్కు కావాలి. వీటిని మించినది ఇంకొకటి ఉంది. రెండు డబ్బాలు కలిపి వాడే రంగుల్లో, అంటే పెయింటర్లు పీయూ అని పిలిచే వాటిలో, గట్టిపడటానికి కలిపే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఆస్తమా తెప్పిస్తాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, తర్వాత కొద్దిపాటి వాసనకే ఊపిరి బిగుసుకుంటుంది. వాటికి బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే ఏర్పాటు కావాలి. ఇంట్లో కట్టుకున్న గూటిలో అది కుదరదు. కాబట్టి ఆ రంగు ఎంత మెరిసినా మేము వాడం. మా స్కూటరు కొత్తదానిలా మెరవదు. మెరవకపోయినా ఫరవాలేదని మొదటే అనుకున్నాం.

పాత రంగును గీకడంలో కూడా ఒక సంగతి ఉంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించకూడదని మన ప్రభుత్వం 2016లో నియమం చేసింది. అది ఇంటి రంగులకు, అలంకరణ రంగులకు. పాత బండ్ల మీద ఉన్న రంగుల్లో ఏముందో చెప్పలేం. అందుకే పొడిగా గీకం, తడిపి రుద్దుతాం. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వం.

ఇవన్నీ తెలిశాక మా గూడు వేరే రకంగా కట్టుకున్నాం. ముప్పాతిక అంగుళం పీవీసీ గొట్టాలతో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు చట్రం. విప్పితే గొట్టాలన్నీ ఒక కట్ట, బదిలీకి అనుకూలం. పైనా పక్కలా ప్లాస్టిక్ పట్టా. ముందు వైపు పూర్తిగా తెరిచి ఉంటుంది, రంగు కొట్టేవాళ్లు గూటికి బయట నిలబడతారు. వాళ్లకు ఆరడుగుల వెనక ఒక ఫ్యాను, దాని ముందు దుమ్మును పట్టే స్పాంజి పలక. గూటి వెనక వైపు ఇంకొక పలక, ఎగిరిన రంగు దానికి అంటుకుంటుంది, ఆవిరి ఆరుబయటికి పోతుంది. అంటే శుభ్రమైన గాలి ముందు మనిషిని తాకి, తర్వాత రేకును తాకి, అటు నుంచి అటే బయటికి వెళ్లాలి. ఫ్యాను గూటి వెనక కాకుండా మా వెనక పెట్టడానికి కారణం ఉంది. థిన్నరు ఆవిరి అంటుకునే గుణం కలది, గాలికంటే బరువైనది, నేల మీదే పరుచుకుంటుంది. మోటారు నుంచి గానీ స్విచ్చు నుంచి గానీ ఒక్క రవ్వ పడినా చాలు. అందుకే మోటారు ఆవిరి దారిలో ఉండదు, స్విచ్చు ఇంటి లోపల ఉంటుంది. గాలి సరిగ్గా వీపు మీద తగిలేలా నిలబడితే, ఒంటి చాటున సుడి తిరిగి ఆవిరి ముఖం మీదికే వస్తుంది. కాబట్టి గాలి భుజానికి తగిలేలా పక్కకు తిరిగి నిలబడతాం. ఇంత చేసినా మాస్కు తీయం.

గోపాలపురం నుంచి బదిలీ అయిన రోజుల్లో బాబాయ్‌కి ఒక కార్ట్రిడ్జు మాస్కు కొనిచ్చాం. ఆయన నవ్వి, "ఏనుగు తొండంలాగుంది తల్లీ, లారీ డ్రైవర్లు నవ్వుతారు" అని షెడ్డులో దేవుడి పటం పక్కన మేకుకు తగిలించాడు. అప్పుడప్పుడే పనిలోకి వచ్చిన ఆయన కొడుకు దాన్ని తీసి ముఖానికి పెట్టుకుని చూశాడు. గోనెపట్టా ఎత్తి కొట్టమని ఇద్దరికీ చెప్పాం. "దుమ్ము పడతాది కదా మాస్టారూ" అన్నాడు బాబాయ్. ఆయన చెప్పినదీ అబద్ధం కాదు.

దుమ్మును గెలవడానికి వేరే మార్గం ఉందని మాకు జైసల్మేర్‌లో తెలిసింది. అక్కడ వైమానిక దళంలో పనిచేసే తెలుగు వాళ్ల పిల్లలు ఉండేవారు. మే, జూన్ నెలల్లో ఆంధీ అని పిలిచే ఇసుక గాలి లేస్తుంది. తలుపు సందుల్లోంచి కూడా ఇసుక వచ్చి కంచంలో పడుతుంది. అక్కడి పెయింటర్లు పని మొదలుపెట్టే ముందు నేల తడుపుతారు. తడి నేల దుమ్మును పట్టి ఉంచుతుంది. అది చూడగానే మాకు నవ్వొచ్చింది. తెల్లవారుజామున వాకిట్లో కల్లాపి చల్లడం మన ఇళ్లలో ఎవరికి తెలియదు? గూడు చుట్టూ పదడుగుల మేర కల్లాపి చల్లి, గాలి లేవకముందే, ఉదయం ఏడు లోపల కొట్టేసేవాళ్లం. గూడు మూసుకోవలసిన పని లేకపోయింది.

ఎడారిలో ఇంకో చిక్కు ఉంది. పొడి గాలికి, వేడికి రంగు తుంపర రేకును చేరేలోపే థిన్నరు ఆవిరైపోతుంది. సగం ఆరిన రేణువులు రేకు మీద పడితే పరుచుకోవు, చేత్తో నిమిరితే గరుకుగా తగులుతుంది. దానికి మందు, నెమ్మదిగా ఆరే థిన్నరు వాడటం, గన్నును కాస్త దగ్గరగా పట్టుకోవడం. కుడివైపు ఇంజను మూత అక్కడ వేసినదే.

తర్వాత షిల్లాంగు. సముద్ర మట్టానికి సుమారు 1500 మీటర్ల ఎత్తు, వానాకాలంలో ఉతికిన బట్టలు వారానికి కూడా ఆరవు. అక్కడ జైసల్మేర్ సూత్రాలు తలకిందులవుతాయి. ఇంజెక్షను ఇచ్చే ముందు స్పిరిట్ రాస్తే చర్మం చల్లబడుతుంది కదా, థిన్నరు ఆవిరవుతున్నప్పుడు రేకు కూడా అలాగే చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే, చన్నీళ్ల గ్లాసు బయట నీటి బొట్లు పట్టినట్టు, తడి రంగు మీద తేమ దిగుతుంది. రంగు పాలు కలిపినట్టు తెల్లగా మసకబారుతుంది. అందుకే ఒక లెక్క ఉంది. గాలిలో తేమ 85 శాతం దాటకూడదు, రేకు వేడి మంచు బిందువు కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మేము ఒక చిన్న తేమ కొలిచే మీటరు కొనుక్కున్నాం. ఏ ఊళ్లోనైనా అసలు భాగం మీద కొట్టే ముందు ఒక డబ్బా మూత మీద కొట్టి చూస్తాం. షిల్లాంగులో జులై నెలలో కొట్టిన డబ్బా మూత తెల్లబడింది. మడ్గార్డును గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాం. నవంబరులో ఆకాశం తేటపడ్డాక, మధ్యాహ్నం ఎండలో మీటరు 55 చూపించిన రోజున దించాం. నాలుగు నెలలు ఆగిన మడ్గార్డు అది. స్కూటరు భాగాల్లో అన్నిటికంటే నునుపైనది అదే.

బడిలో మా పని కూడా ఇలాగే నడిచింది. కొత్త ఊరికి వెళ్లిన మొదటి రెండు వారాలు మేము పాఠం కంటే ముందు ఆ ఊరి గాలి చూస్తాం. గోపాలపురం పిల్లలకు ఒడియా అక్షరాల గుండ్రదనం అలవాటు కాబట్టి తెలుగు రాత త్వరగా పట్టుబడింది. జైసల్మేర్‌లో ఇంట్లో కూడా హిందీ కలిసిపోయిన పిల్లలు మాట చివరి అచ్చును మింగేసేవారు. వాళ్లకు రాత పక్కన పెట్టి, ముందు పాటలూ పొడుపు కథలూ చెప్పవలసి వచ్చింది. ఒక ఊళ్లో కుదిరిన పద్ధతిని ఇంకో ఊళ్లో అలాగే కొడితే కుదరదు. అలాగని పిల్లవాడిదీ తప్పు కాదు, భాషదీ తప్పు కాదు.

షిల్లాంగులో ఉండగా బరంపురం నుంచి ఫోను వచ్చింది. బాబాయ్ కొడుకు. తండ్రికి ఆస్తమా అని డాక్టరు చెప్పాడట, షెడ్డుకు రావద్దన్నాడట. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, కొడుకు తెచ్చిన చిన్న చిన్న భాగాలకు వాటర్ పేపరు తడిపి రుద్దిపెడుతున్నాడట. "మేష్టారూ, ఆ మాస్కుకి బొగ్గు బిళ్లలు అయిపోనాయి, ఎక్కడ దొరుకుతాయి? ఫ్యాను ఎటేపు పెట్టమన్నారు?" అని అడిగాడు. రంగుల గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఫ్యాను ఎక్కడ పెట్టాలో, ఎటు తిరిగి నిలబడాలో, నేల ఎందుకు తడపాలో బొమ్మ గీసి పంపాం. రెండు డబ్బాల రంగు మానేయమని కూడా రాశాం. "అది మానేస్తే గిరాకీ పోతుంది" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర తేలికైన జవాబు లేదు. కనీసం ఆ పనిని సరైన ఏర్పాటున్న చోటికి పంపించి, మిగతాది నువ్వు చెయ్యమన్నాం. చూస్తానన్నాడు.

పిల్లలూ, మీలో చాలామంది సైన్సు నమూనాలకు, స్కౌటు సామానుకు, సైకిళ్లకు స్ప్రే డబ్బాలతో రంగులు వేస్తుంటారు. పెద్దలు దగ్గరుండగా వేయండి, ఆరుబయట వేయండి. రంగు ఏది బాగుంటుందో ఎంచుకునే ముందు, గాలి ఎటు నుంచి ఎటు పోతోందో ఒక దారం వేలాడదీసి చూడండి. ఆ దారిలో మీరు ముందుండాలి, రంగు తర్వాత ఉండాలి. బడికి వచ్చే దారిలో టింకరింగ్, పెయింటింగ్ అని బోర్డున్న షెడ్డు ఒకటి కచ్చితంగా ఉంటుంది. లోపల చేతిరుమాలు కట్టుకుని రంగు కొడుతున్న అన్నయ్యకు ఈ సంగతి చెప్పండి. ఆయన నవ్వవచ్చు. మాస్కును మేకుకు తగిలించవచ్చు. కానీ పక్కన నిలబడి చూసే కుర్రవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు.